మొదటిసారి కార్ల ర్యాలీ ఫొటోలు తీయబోతున్నాను: ఎక్కడ నిలబడాలి, ఏ సెట్టింగ్స్ పెట్టాలి?

కొత్తలెన్స్

అందరికీ నమస్కారం. వచ్చే నెల రెండు రోజుల ర్యాలీకి వెళ్తున్నాను. మొదటి రోజంతా మట్టి రోడ్డు స్టేజ్‌లు (జనానికి మూసేసి, కార్లని సమయంతో పోటీ పెట్టే రోడ్డు భాగాలు). రెండో రోజు తారు రోడ్డు, అందులో ఒక స్టేజ్ చీకటి పడ్డాక. మీడియా పాస్ లేదు, ప్రేక్షకుల మధ్య నుంచే తీయాలి. ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) మిర్రర్‌లెస్ బాడీ ఒకటి, 18-55 కిట్ లెన్స్, 55-250 జూమ్ ఉన్నాయి.

నా సందేహాలు ఇవీ. ఈ లెన్స్‌లు చాలతాయా, 400 ఎంఎం దాకా ఏదైనా అద్దెకు తెచ్చుకోవాలా? షటర్ స్పీడ్ ఎంత పెట్టాలి? ఒకచోట 1/2000 సెకను అంటారు, ఇంకోచోట 1/60 అంటారు. దుమ్ములో ఫోకస్ ఎలా నిలుస్తుంది? అన్నిటికంటే ముందు, అసలు ఎక్కడ నిలబడాలి?

నాలుగోమలుపు

చివర అడిగిన ప్రశ్నే మొదట తేల్చుకోండి. సర్క్యూట్ రేసులో అదే కారు అదే మలుపుకి పదులసార్లు వస్తుంది కాబట్టి తప్పు దిద్దుకునే వీలుంటుంది. ర్యాలీలో కారు మీ ముందు మూడు నాలుగు సెకన్లు కనిపించి వెళ్లిపోతుంది. ఎంట్రీ లిస్టులో 40 కార్లుంటే ఆ పూటకి 40 అవకాశాలు, అంతే. పైగా రోడ్డు మూసేశాక స్థలం మార్చడం దాదాపు కుదరదు. అందుకే కెమెరా కంటే నిలబడే చోటు మీదే ఎక్కువ ఆలోచన పెట్టాలి.

నిర్వాహకులు ఇచ్చే స్పెక్టేటర్ గైడ్, మ్యాప్, టైమ్ టేబుల్ ముందే తీసుకోండి. స్టేజ్ పేరు పక్కన మొదటి కారు బయల్దేరే సమయం ఉంటుంది. రోడ్డు అంతకంటే చాలా ముందే మూసేస్తారు. ఎంత ముందో అందులోనే రాస్తారు. వాహనం ఆపి నడవాల్సిన దూరం కూడా లెక్కేసుకుని, మూసే సమయానికంటే గంట ముందే చేరుకోండి. ఒక పూటలో రెండు స్టేజ్‌లు పట్టేద్దామని పరుగులు పెడితే రెంటికీ సగం సగమే అందుతుంది. పూటకి ఒక స్టేజ్, అందులో ఒక మలుపు చాలు.

చాలా ర్యాలీల్లో ఒకే స్టేజ్‌ని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నడుపుతారు. మీకిది వరం లాంటిది. పొద్దున తీసినవి చూసుకుని, ఎండ తిరిగాక అదే మలుపుని ఇంకో వైపు నుంచి తీయొచ్చు. మట్టి స్టేజ్‌లో రెండో విడతకి రోడ్డు మీద లోతైన చాళ్లు పడతాయి, రాళ్లు పైకి తేలతాయి. కారు మరింత ఎగురుతుంది, ఊగుతుంది. తారు రోడ్డు మీదైతే మొదటి విడతలోనే కార్లు మలుపు లోపలి అంచు కోసుకుంటూ పోయి మట్టిని రోడ్డు మీదకి లాగుతాయి. ఆ మట్టి మీద జారేవి తర్వాత వచ్చే వెనక నంబర్ల కార్లే.

చోటు ఎంచేటప్పుడు నేను చూడమనేవి నాలుగు. కారు వచ్చే సమయానికి ఎండ ఎటు ఉంటుంది? కారు వెనకాల ఏం కనిపిస్తుంది? గాలి ఎటు నుంచి వీస్తోంది? కారు అదుపు తప్పితే నేను ఎటు వెళ్తాను? నాలుగోదానికి జవాబు లేకపోతే మొదటి మూడూ ఎంత బాగున్నా ఆ చోటు వదిలేయండి.

వెనక దృశ్యం సంగతి చాలామంది మరిచిపోతారు. కారు ఎంత అద్భుతంగా జారుతున్నా, వెనకాల ఆపిన వాహనాల వరస, ప్లాస్టిక్ టేపు, మొబైల్ ఎత్తి పట్టుకున్న చేతులు ఉంటే కంటికి అవే తగుల్తాయి. రెండడుగులు పక్కకి జరిగితే ఒక చెట్టో కొండ వాలో వెనక్కి వచ్చేస్తుంది. మొదటి కారు రాకముందే ఖాళీ రోడ్డుని ఒకసారి ఫొటో తీసి స్క్రీన్ మీద అంచులు చూసుకోండి. తీశాక కత్తిరించే పని సగం తగ్గుతుంది.

స్టేజ్‌మార్షల్

నాలుగోమలుపు గారు చెప్పిన ఆ నాలుగో సంగతి గురించి వివరంగా రాస్తాను. కొత్త ఫొటోగ్రాఫర్లు నిలబడే చోట్లలో సగం, మేము వచ్చి లేపాల్సినవే అవుతాయి.

నిలబడకూడని చోట్లు: మలుపు బయటి వైపు. నేరు రోడ్డు చివర మలుపుకి ఎదురుగా, అంటే కారుకి బ్రేకు పడకపోతే నేరుగా వచ్చే చోటు. గట్టు దాటి కారు గాల్లోకి లేచే చోట, అది దిగే వైపు. రోడ్డు కంటే పల్లంలో. కూడలిలో దారి తప్పిన కారు వెళ్లడానికి వదిలేసిన ఖాళీ రోడ్డులో. దుంగల కుప్ప, గడ్డి మోపులు, రాళ్ల వరస వెనక కూడా వద్దు. అవి కారుని ఆపవు, కారుతో పాటు మీ మీదకి వస్తాయి. సన్నటి చెట్టు వెనక నిలబడితే క్షేమం అనుకోవడమూ పొరపాటే.

నిలబడాల్సిన చోటు: మలుపు లోపలి వైపు, రోడ్డు నుంచి బాగా వెనక్కి, రోడ్డు కంటే కనీసం ఒక మనిషి ఎత్తున ఉన్న గట్టు మీద. లోపలి వైపు అన్నాను కదా అని అంచుకి రావద్దు. కార్లు లోపలి అంచు మీదుగా కోసుకుంటూ పోతాయి, అక్కడి రాళ్లు చక్రాల కింద నుంచి బుల్లెట్లలా లేస్తాయి. కారు ముందే గిరగిరా తిరిగితే లోపలి వైపుకే వస్తుంది. ఎత్తూ దూరమూ రెండూ కావాలి.

చాలా ర్యాలీల్లో ఎర్ర టేపు ఉన్నచోట నిషేధం, పచ్చ టేపు లేదా వల ఉన్నచోట ప్రేక్షకులకి అనుమతి. టేపు లేదు కాబట్టి నిలబడొచ్చు అనుకోవద్దు. మార్షల్ (స్టేజ్ భద్రత చూసే మాలాంటివాళ్లు) జరగమంటే వాదన లేకుండా జరగండి. ప్రేక్షకులు ప్రమాదకరమైన చోట ఉన్నారని కబురు వెళ్తే స్టేజ్ మొత్తం రద్దు కావచ్చు.

కార్లు వస్తున్నంతసేపూ లేచి నిలబడే ఉండాలి. కింద నుంచి తీయాలంటే ఒక మోకాలి మీద కూర్చోండి, బాసింపట్టు వేయొద్దు, పడుకోవద్దు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. విజిల్ వినపడాలి, ఇంజిన్ శబ్దం వినపడాలి. వ్యూఫైండర్‌లో ఒక కన్ను పెట్టినా రెండో కన్ను తెరిచే ఉంచడం నేర్చుకోండి. లాంగ్ లెన్స్‌లో చూస్తుంటే కారు ఎంత దగ్గరికి వచ్చిందో తెలియదు. మీ వెనక గుంత, ముళ్ల తీగ, బండరాయి లేవని ముందే నడిచి చూసుకోండి. వెనక్కి పరిగెత్తాల్సినప్పుడు చూసుకునే సమయం ఉండదు.

1986 మార్చిలో పోర్చుగల్ ర్యాలీలో సింత్రా దగ్గర ఒక ఫోర్డ్ ఆర్‌ఎస్200 కారు అదుపు తప్పి జనంలోకి దూసుకెళ్లింది. ముగ్గురు ప్రేక్షకులు చనిపోయారు, ముప్ఫై మందికి పైగా గాయపడ్డారు. ఆ రోజుల్లో జనం రోడ్డు మీదే నిలబడి, కారు దగ్గరికి వచ్చాక చీలి దారి ఇచ్చేవాళ్లు. ఇప్పుడున్న కట్టుదిట్టమైన భద్రత అలాంటి రోజుల తర్వాత వచ్చిందే.

ఇంకొకటి. రెండు నిమిషాలకో కారు వస్తోంది, ఇప్పుడు ఐదు నిమిషాలైనా రాలేదు కదా అని రోడ్డు దాటొద్దు. టైరు మార్చుకుని ఆలస్యంగా బయల్దేరిన కారు ఏ క్షణాన్నైనా రావచ్చు. అన్ని కార్ల తర్వాత స్టేజ్ మూసే కారు వస్తుంది. అది దాటి, మార్షల్ సైగ చేశాకే కదలాలి.

పానింగ్‌ప్రియ

షటర్ స్పీడ్‌కి వస్తాను. 1/2000, 1/60 రెండూ నిజమే, దేనికి ఏది అన్నదే అసలు సంగతి. ఒకసారి లెక్క చూడండి.

గంటకి 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 25 మీటర్లు. 1/1000 సెకనులో కారు రెండున్నర సెంటీమీటర్లు కదుల్తుంది. 1/125లో 20 సెంటీమీటర్లు. 1/60లో 40 సెంటీమీటర్ల పైచిలుకు. కెమెరా కారుతో పాటు తిరిగితే కారు స్ఫుటంగా నిలిచి, ఆ సాగిందంతా వెనక దృశ్యంలో గీతలవుతుంది. వేగం కనిపించేది ఆ గీతల్లోనే. ఇలా కారుతో పాటు కెమెరాని తిప్పుతూ తీయడాన్నే పానింగ్ అంటారు.

ఇప్పుడు చక్రాన్ని చూడండి. టైరుతో కలిపి చక్రం వ్యాసం సుమారు 65 సెంటీమీటర్లు అనుకుంటే, అదే వేగంలో సెకనుకి 12 సార్లు తిరుగుతుంది. 1/1000లో నాలుగున్నర డిగ్రీలే తిరుగుతుంది. చక్రం ఆకులు (స్పోకులు) విడివిడిగా, బోల్టులు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపిస్తాయి. కారు రోడ్డు మీద ఆపి పెట్టినట్టుంటుంది. 1/250లో 17 డిగ్రీలు, అంచులు కాస్త మసకబారతాయి. 1/125లో 35 డిగ్రీలు, ఆకులు కలిసిపోయి చక్రం నిజంగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. అందుకే పక్క నుంచి తీసేటప్పుడు 1/125 దగ్గర స్థిరపడమంటాను.

ఇదంతా కారు వేగం మీద ఆధారపడ్డ లెక్క. హెయిర్‌పిన్ మలుపులో, అంటే రోడ్డు దాదాపు వెనక్కి తిరిగే చోట, కారు గంటకి 40కి పడిపోతుంది. అక్కడ 1/125 పెడితే 9 సెంటీమీటర్లే కదుల్తుంది. వెనక దృశ్యం చెడ్డ ఫోకస్‌లా ఉంటుంది తప్ప వేగంలా ఉండదు. 1/50కి దిగాలి. మలుపుని చూసి షటర్ పెట్టండి, ఎక్కడో చదివిన అంకెని చూసి కాదు.

ఒంటి భంగిమ: కారు మీకు అతి దగ్గరగా వచ్చే చోటు ఏదో చూసుకుని పాదాలు అటు పెట్టి నిలబడండి. తర్వాత నడుము పై భాగాన్ని కారు వచ్చే వైపు తిప్పుకోండి. కారుతో పాటు మెల్లగా విప్పుకుంటూ రండి. మోచేతులు ఒంటికి ఆనించి ఉంచాలి. బటన్ వదిలాక కూడా కాసేపు కారు వెంటే తిరగాలి. బటన్ నొక్కగానే ఆగిపోవడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. ఫ్రేములో ఒక బిందువుని కారు మీద ఒకే చోట, అంటే డ్రైవర్ తలుపు మీద నంబర్ దగ్గర అతికించినట్టు ఉంచండి.

కారు ముక్కు స్ఫుటంగా ఉండి వెనక భాగం సాగిపోయిందా? అది మీ చేతి తప్పు కాకపోవచ్చు. కారు మలుపులో తన చుట్టూ తాను తిరుగుతుంటే ముందు భాగం, వెనక భాగం వేర్వేరు దిక్కులకి కదుల్తాయి. రెంటినీ ఒకేసారి పట్టుకోలేం. డ్రైవర్ ఉన్న భాగం స్ఫుటంగా ఉంటే అది మంచి ఫొటోయే.

హెయిర్‌పిన్ లోపలి వైపు గట్టు మీద చోటు దొరికితే వదలొద్దు. కారు మీ చుట్టూ తిరుగుతుంది కాబట్టి మీకూ కారుకీ మధ్య దూరం పెద్దగా మారదు. ఫోకస్ స్థిరంగా ఉంటుంది, చేతి తిప్పుడు కూడా ఒకే వేగంతో సాగుతుంది. పానింగ్ నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

లెన్స్‌లో స్టెబిలైజేషన్‌కి రెండో మోడ్ ఉంటే అది పెట్టండి. అది నిలువు కుదుపుని మాత్రమే సరిచేసి అడ్డంగా తిరిగేదాన్ని వదిలేస్తుంది. అలాంటి మోడ్ లేకపోతే ఒక కారు ఆన్‌లో, ఒక కారు ఆఫ్‌లో తీసి పోల్చుకోండి.

దుమ్ముదారి

పానింగ్‌ప్రియ గారితో ఒక్క విషయంలో ఏకీభవించను. కొత్తవాళ్లని మొదటి కారు నుంచే 1/125కి దింపొద్దు. ర్యాలీల్లో సాధారణంగా వేగమైన కార్లు ముందు వస్తాయి. ఆ పది కార్లూ మసకబారిపోతే ఇంటికి ఏమీ రాదు. ముందు పదింటికీ 1/640, 1/800 లాంటి భద్రమైన షటర్ పెట్టి, కారు ఏటవాలుగా ఎదురొస్తూ, ముందు భాగంతో పాటు ఒక పక్క కూడా కనిపించే కోణంలో తీయండి. ఆ కోణంలో చక్రం పక్క నుంచి తక్కువ కనిపిస్తుంది కాబట్టి ఆగినట్టు అనిపించదు. పైగా చక్రాల కింది రాళ్లు, దుమ్ము గాల్లో నిలిచి వేగాన్ని చెప్తాయి. తర్వాత 1/250, వెనక నంబర్లకి 1/125, చివరి కార్లకి 1/60.

పోటీ కార్లకంటే ముందు 000, 00, 0 అని రాసిన కార్లు వస్తాయి. రోడ్డు సిద్ధంగా ఉందో లేదో చూసే కార్లు అవి. మీకు అవే ట్రయల్. ఎక్స్‌పోజర్, ఫోకస్, ఫ్రేము వెడల్పు అన్నీ వాటి మీద సరిచూసుకోండి. సున్నా కారు సాధారణంగా పోటీ వేగానికి దగ్గరగా వస్తుంది.

లెన్స్ గురించి: ర్యాలీ కారు పొడవు సుమారు 4 మీటర్లు. మీ ఏపీఎస్-సీ బాడీ మీద 250 ఎంఎం పెట్టి 40 మీటర్ల దూరం నుంచి చూస్తే ఫ్రేము వెడల్పు నాలుగు మీటర్ల లోపే ఉంటుంది. అంటే పక్క నుంచి కారు పట్టదు కూడా. 150 ఎంఎం దగ్గర ఆరు మీటర్లు వస్తుంది, కారుకి ముందు కాస్త ఖాళీ దొరుకుతుంది. కాబట్టి 400 ఎంఎం అక్కర్లేదు. ఎండవేళ తారు రోడ్డు మీద దూరం నుంచి తీస్తే వేడి ఆవిరి అలల వల్ల బొమ్మ మెత్తబడుతుంది. ఎంత ఖరీదైన లెన్స్ అయినా దానికి మందు లేదు, దగ్గరి మలుపు వెతుక్కోవడమే.

ఇక దుమ్ము. గాలి మీ వీపు వైపు నుంచి రోడ్డు మీదకి వీచే చోట నిలబడాలి. కారు లేపిన దుమ్ము అవతలికి పోతుంది. ఎదురు వైపున ఉంటే కారు దాటాక రెండు నిమిషాలు ఏమీ కనపడదు, ఆ లోపు తర్వాతి కారు వచ్చేస్తుంది. చెట్ల మధ్య గాలి ఆడని చోట దుమ్ము అలాగే వేలాడుతుంది. అక్కడ మొదటి ఒకటి రెండు కార్లకే శుభ్రమైన గాలి.

ఎండ ఎదురుగా ఉన్నప్పుడు దుమ్ము బంగారంలా మెరుస్తుంది, అందం నిజమే. కానీ కెమెరా మీటరు ఆ తెలుపుని చూసి వెలుతురు తగ్గించేస్తుంది, కారు నల్లగా పడుతుంది. ఎదురుగా వచ్చే హెడ్‌లైట్లు కూడా మీటరుని ఇలాగే మోసం చేస్తాయి. ఎండ నిలకడగా ఉంటే మాన్యువల్ ఎక్స్‌పోజర్ పెట్టి వదిలేయండి. మబ్బులు వచ్చి పోతుంటేనే ఆటో ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందనని కెమెరాయే సరిచేసుకునే అమరిక).

మీ 55-250 జూమ్ చేస్తే బయటికి పొడుచుకొస్తుంది. దాని గొట్టం మీద దుమ్ము ఉండగా వెనక్కి లాగితే ఆ దుమ్ము లోపలికే పోతుంది. కారుకీ కారుకీ మధ్య గొట్టాన్ని మెత్తటి బ్రష్‌తో తుడవండి. ముందు గాజుని మాత్రం ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత బ్రష్, చివర్లోనే గుడ్డ. ఇసుక ఉండగా గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. స్టేజ్‌లో లెన్స్ మార్చడం అసలు వద్దు. పొద్దున ఒక లెన్స్ పెట్టుకుని వెళ్లి సాయంత్రం వరకు దానితోనే ఉండండి.

కొత్తలెన్స్

చాలా ఉపయోగంగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. లెన్స్ అద్దె ఆలోచన మానుకున్నాను. రెండు సందేహాలు. షటర్ మార్చుకుంటూ పోతే మధ్యలో తప్పు సెట్టింగ్‌లో ఉండిపోతానేమో? ఇంకోటి, దుమ్ము లేవగానే ఫోకస్ కారుని వదిలేసి దుమ్ముని పట్టుకుంటుందని విన్నాను. దానికేం చేయాలి?

నాలుగోమలుపు

మొదటిదానికి సులువైన దారి: చాలా కెమెరాల్లో డయల్ మీద సీ1, సీ2 లాంటి కస్టమ్ మోడ్‌లు (మన సెట్టింగ్స్ దాచుకునే చోట్లు) ఉంటాయి. సీ1లో 1/800, నిరంతర ఫోకస్, వేగమైన బరస్ట్ (బటన్ నొక్కి పట్టుకుంటే వరసగా ఫొటోలు తీయడం) దాచండి. సీ2లో 1/125, తక్కువ ఐఎస్ఓ. డయల్ ఒక్క నొక్కు తిప్పితే మొత్తం మారుతుంది. ప్రతి కారు తర్వాత స్క్రీన్ మీద ఫొటో కాదు, ముందు షటర్ అంకె చూడండి.

ఫోకస్: నిరంతర మోడ్ తప్పనిసరి. కెనన్‌లో సర్వో, నికాన్‌లోనూ సోనీలోనూ ఏఎఫ్-సీ. మొత్తం ఫ్రేము ఏరియా పెట్టకండి, మధ్యలో చిన్న గుంపు లేదా ఒకటే పాయింటు. కొత్త బాడీల్లో వాహనాల్ని గుర్తించే సదుపాయం ఉంటుంది. శుభ్రమైన గాల్లో బాగా పనిచేస్తుంది, కారు సగం దుమ్ములో మునిగితే తడబడుతుంది. మెనూలో ట్రాకింగ్ స్పందనని తగ్గించే అంకె ఉంటుంది. దాన్ని తగ్గిస్తే మధ్యలో కొమ్మో దుమ్మో అడ్డొచ్చినా కెమెరా వెంటనే దాని మీదకి దూకదు.

వెనక బటన్ ఫోకస్ అలవాటు చేసుకోండి. షటర్ బటన్ నుంచి ఫోకస్‌ని తీసేసి బొటనవేలి కింది బటన్‌కి ఇవ్వడం అన్నమాట. దుమ్ము కమ్మగానే బొటనవేలు తీసేస్తే ఫోకస్ ఉన్నచోటే ఆగుతుంది, ఫొటోలు మాత్రం తీస్తూనే ఉండొచ్చు. అలవాటు పడటానికి కొన్ని రోజులు పడుతుంది. కాబట్టి ర్యాలీ రోజు పొద్దున మొదలుపెట్టొద్దు, ఇవాళే మార్చి రోడ్డు మీద వెళ్లే వాహనాల మీద సాధన చేయండి. పానింగ్‌కీ అదే సాధన.

బరస్ట్ మూడు నుంచి ఐదు ఫ్రేములు చాలు. కారు కనిపించినప్పటి నుంచి నొక్కి పట్టుకుంటే అసలు క్షణం వచ్చేసరికి బఫర్ (ఫొటోలు కార్డుకి ఎక్కేముందు ఉండే తాత్కాలిక మెమరీ) నిండి కెమెరా ఆగిపోతుంది. ఆ అసలు క్షణం ఏదంటే, కారు వెనక భాగం బయటికి జారి, ముందు చక్రాలు మలుపుకి ఎదురు దిక్కుకి తిరిగి, డ్రైవర్ హెల్మెట్ మాత్రం మలుపు చివరి వైపు చూస్తున్నప్పుడు. వెనక టైరు నుంచి గులకరాళ్లు విసనకర్రలా విచ్చుకుంటాయి. ఆ లోపలే ఒకటి రెండు ఫ్రేములు. దానికోసమే మిగతాదంతా.

పానింగ్‌ప్రియ

దుమ్ముదారి గారి వాదన సరైనదే, ముందు పది కార్లకి భద్రమైన షటర్ పెట్టమనడం ఒప్పుకుంటాను. కానీ స్టేజ్ రెండుసార్లు నడిస్తే రెండో విడత మొత్తం నెమ్మది షటర్‌కే కేటాయించండి. అంచెలంచెలుగా దిగేకంటే ఒకే అంకె మీద నలభై కార్లు సాధన చేస్తే చేతికి ఆ వేగం పడుతుంది.

ఎండలో నెమ్మది షటర్ వాడేటప్పుడు ఇంకో చిక్కు. నడి ఎండలో ఐఎస్ఓ 100 పెట్టినా 1/60కి అపర్చర్‌ని (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/20 దాకా మూసుకోవాలి. అంత మూస్తే బొమ్మ మెత్తబడుతుంది, సెన్సర్ మీది ప్రతి దుమ్ము కణం ఆకాశంలో నల్ల చుక్కగా కనిపిస్తుంది. వెలుతురుని మూడు స్టాపులు, అంటే ఎనిమిదో వంతుకి తగ్గించే ఎన్‌డీ8 ఫిల్టర్ పెడితే అదే షటర్‌కి ఎఫ్/7.1 సరిపోతుంది. పోలరైజర్ ఉంటే అదీ స్టాపున్నర దాకా తగ్గిస్తుంది, పైగా ముందు అద్దం మీది మెరుపుని కోసేసి లోపల ఉన్న డ్రైవర్‌నీ కోడ్రైవర్‌నీ చూపిస్తుంది. దాన్ని ఖాళీ రోడ్డు మీద కాకుండా సున్నా కారు అద్దం మీద తిప్పి చూసుకోండి.

దుమ్ముదారి

మట్టి స్టేజ్‌లో కారు గాల్లోకి లేచే గట్టు, నీటి మడుగు దాటే చోటు ఉంటే వాటికి వేరే లెక్క.

గట్టు దగ్గర కారు ఒక్కసారిగా ప్రత్యక్షమవుతుంది. ఫోకస్ వెతుక్కునే సమయం ఉండదు. గట్టు అంచు మీద ఒక రాయి చూసుకుని దాని మీద ముందే ఫోకస్ పెట్టి ఆపేయండి. సున్నా కారు ఎక్కడ లేచిందో చూసి ఫ్రేము సరిచేసుకోండి, కానీ పోటీ కార్లు అంతకంటే దూరం వెళ్తాయని గుర్తుంచుకుని ముందు వైపు ఖాళీ వదలండి. షటర్ 1/1000. కెమెరా కింద ఉంటేనే చక్రాలకీ రోడ్డుకీ మధ్య వెలుతురు కనిపిస్తుంది. పై నుంచి తీస్తే కారు నేల మీదే ఉన్నట్టుంటుంది. సెకనుకి 10 ఫ్రేముల కెమెరాలో, 90 వేగంలో ఒక్కో ఫ్రేముకి కారు రెండున్నర మీటర్లు ముందుకెళ్తుంది. 12 మీటర్లు ఎగిరిన కారుకి గాల్లో నాలుగైదు ఫ్రేములే దొరుకుతాయి. ఇంజిన్ శబ్దం విని బటన్ నొక్కడం మొదలుపెట్టాలి, చూశాక కాదు.

నీటి దగ్గర 1/1600 పెడితే చుక్క చుక్కా గాజు పూసలా నిలుస్తుంది. 1/250లో తెల్లటి తెరలా సాగుతుంది. ఏది కావాలో మీ ఇష్టం. ఫోకస్ నీళ్ల మీదకి దూకకుండా కారు మడుగుని తాకేముందే బొటనవేలు తీసేయండి. ఆ నీళ్లలో రాళ్లు ఉంటాయి, దూరం నుంచే తీయండి.

స్టేజ్‌మార్షల్

గట్టు దగ్గర కింద నుంచి తీయమన్నారు కాబట్టి చెప్తున్నాను. కెమెరా కిందకి దించండి, మీరు మోకాలి మీదే ఉండండి. స్క్రీన్ మడత విప్పి పై నుంచి చూడొచ్చు. దిగే వైపున అసలు ఉండొద్దు. గాల్లో కాస్త వంకర తిరిగిన కారు నేల తాకగానే ఏ పక్కకి పోతుందో డ్రైవర్‌కీ తెలియదు. గట్టుకి ముందు వైపు, పక్కన, బాగా వెనక్కి. కెమెరాని రోడ్డు అంచున పెట్టి రిమోట్‌తో తీద్దామనే ఆలోచన కూడా వద్దు, దానికి అనుమతి ప్రత్యేకంగా తీసుకోవాలి. డ్రోన్ కూడా అంతే.

రాత్రిదీపం

చీకటి స్టేజ్ గురించి ఎవరూ రాయలేదు. ముందుగా, ఫ్లాష్ వాడొద్దు. కటిక చీకట్లో వేగంగా వస్తున్న డ్రైవర్ కళ్లలో మెరుపు పడితే ఆ అర సెకను అతనికి రోడ్డు లేనట్టే. చాలా చోట్ల నిషేధం కూడా. కెమెరా ఫోకస్ కోసం వేసే చిన్న దీపాన్ని మెనూలో ఆపేయండి. తలకి పెట్టుకున్న టార్చ్‌ని కారు రాకముందే ఆర్పేయండి.

మీ జూమ్ 250 దగ్గర ఎఫ్/5.6 మాత్రమే తెరుచుకుంటుంది కాబట్టి చీకట్లో కారుని ఆపి చూపించే ఫొటో కష్టం. ఐఎస్ఓ 12800 పెట్టినా గరుకుగా ఉంటుంది. దానికి బదులు మూడు పనులు చేయొచ్చు.

ఒకటి, సూర్యాస్తమయం అయిన అరగంట లోపు, ఆకాశంలో ఇంకా నీలం ఉండగా హెడ్‌లైట్లు వెలిగించిన కార్లు. అప్పుడు 1/125, ఎఫ్/5.6, ఐఎస్ఓ 3200 దగ్గర మొదలుపెట్టి సరిచేసుకోండి.

రెండు, బ్రేకు వేసే చోట పక్క నుంచి 1/30, 1/60తో పానింగ్. తారు స్టేజ్‌లో పొడవాటి దిగుడు చివర మలుపైతే చక్రాల ఆకుల మధ్య నుంచి బ్రేక్ డిస్కులు ఎర్రగా కాలుతూ కనిపిస్తాయి. ఆ ఎరుపు చీకట్లోనే దొరుకుతుంది.

మూడు, ట్రైపాడ్ మీద 18-55తో వెలుగు గీతలు. ఐఎస్ఓ 100, ఎఫ్/8, 15 సెకన్లు. ఫోకస్‌ని కారు రాకముందే టార్చ్ వెలుగులో ఒక చెట్టు మీద మాన్యువల్‌గా పెట్టుకోండి. చెట్ల మొదళ్ల మీద హెడ్‌లైట్ల వెలుగు కదలడం మొదలవగానే షటర్ తెరవండి, ఎర్ర దీపాలు మలుపు దాటాక మూసేయండి. వరస హెయిర్‌పిన్‌లు పై నుంచి కనిపించే చోటు దొరికితే పాము మెలికలా గీత వస్తుంది. ట్రైపాడ్ కాళ్లు మాత్రం టేపు ఇవతలే ఉండాలి.

లెన్స్ ముందు రక్షణ కోసం పెట్టిన ఫిల్టర్ ఉంటే రాత్రి తీసేయండి. చదునైన ఆ గాజు హెడ్‌లైట్లని వెనక్కి కొట్టి, ఫొటోలో ఎదురు మూలన పచ్చటి చుక్కల జతగా చూపిస్తుంది. తర్వాత చెరపడం పెద్ద పని.

కొత్తలెన్స్

ఎలక్ట్రానిక్ షటర్ వాడితే బరస్ట్ వేగం రెట్టింపు అవుతోంది నా కెమెరాలో. వాడొచ్చా?

రాత్రిదీపం

వద్దండీ. మామూలు సెన్సర్ ఒకేసారి మొత్తం బొమ్మని చదవదు, పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కొక్కటే చదువుకుంటూ వస్తుంది. ఆ లోపు కారు ముందుకి జరుగుతుంది. 1/2000 పెట్టినా చక్రాలు గుడ్డు ఆకారంలో వంగుతాయి, పానింగ్‌లో వెనకాల స్తంభాలు, చెట్లు ఒక పక్కకి ఒరుగుతాయి. ఎల్ఈడీ దీపాల మీద అడ్డ చారలు కూడా పడొచ్చు. చాలా వేగంగా చదివే స్టాక్డ్ సెన్సర్ ఉన్న బాడీల్లో ఈ బాధ చాలా తక్కువ, మొత్తం బొమ్మని ఒకేసారి పట్టే సోనీ ఏ9-3 లాంటి గ్లోబల్ షటర్ కెమెరాలో ఉండదు. మీరు మెకానికల్ షటర్‌లోనే ఉండండి.

స్టేజ్‌మార్షల్

ఒక్క విషయం మిగిలింది. మీ ముందే కారు బోల్తా పడితే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. అదుపు తప్పిన కారు పూర్తిగా ఆగేవరకు రోడ్డు మీదకి రావొద్దు. తర్వాతి కారు రెండు నిమిషాల్లో అక్కడే ఉంటుంది. లోపలి ఇద్దరూ క్షేమంగా ఉంటే పచ్చగా ‘ఓకే’ అని రాసిన బోర్డు చూపిస్తారు. సహాయం కావాలంటే ఎర్రటి ‘ఎస్ఓఎస్’ బోర్డు. కారుకి కనీసం 50 మీటర్ల ముందు ఎర్ర త్రికోణం వాళ్లే పెడతారు. బోర్డు ఏదీ కనిపించకపోతే సహాయం కావాలనే అనుకుని దగ్గర్లోని మార్షల్‌కి చెప్పండి, స్టేజ్ పేరు, దాదాపు ఎక్కడో, కారు నంబర్ చెప్తే చాలు. గాయపడిన మనిషి ఫొటో తీయొద్దు, ఎక్కడా పెట్టొద్దు. ఇంట్లోవాళ్లకి కబురు మీ పోస్ట్ ద్వారా తెలియకూడదు.

కొత్తలెన్స్

తప్పకుండా గుర్తుంచుకుంటాను. వాన పడితే?

దుమ్ముదారి

కెమెరా పట్టే పారదర్శక ప్లాస్టిక్ సంచి తీసుకుని, అడుగున లెన్స్ హుడ్ అంత చిల్లు కోసి, హుడ్ చుట్టూ రబ్బరు బ్యాండ్ వేయండి. వ్యూఫైండర్ దగ్గర ఇంకో చిన్న చిల్లు. హుడ్ ఎప్పుడూ తీయొద్దు, ముందు గాజు మీద చుక్కలు పడకుండా ఆపేది అదే. మైక్రోఫైబర్ గుడ్డలు మూడు, విడివిడిగా జిప్ సంచుల్లో, ఎందుకంటే తడిసినది ఇక పనికిరాదు. రెండో బ్యాటరీని లోపలి జేబులో ఉంచండి. సాయంత్రం గదికి చేరాక కెమెరాని బ్యాగులో మూసి పెట్టకుండా బయట ఆరనివ్వండి. జూమ్ గొట్టం మొత్తం బయటికి లాగి, తుడిచి, ఆరాకే మూయండి.